ప్రపంచ వైన్ల గురించి క్రమంగా నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: జయనగర వాసి

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు, ఉద్యోగరీత్యా పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. మన ఊళ్లలో ‘వైన్ షాపు’ అంటే బ్రాందీ, విస్కీ అమ్మే దుకాణమన్న అర్థమే స్థిరపడిపోయింది కాబట్టి, వైన్ అనేది కూర్చుని చదువుకోదగిన విషయమన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నిరుడు ఆఫీసు పనిమీద పోర్చుగల్ వెళ్లినప్పుడు ఒక ఆదివారం మమ్మల్ని డౌరో నది లోయకు తీసుకెళ్లారు. పొరలు పొరలుగా విరిగే రాతి కొండను మెట్లు మెట్లుగా తొలిచి, ఆ మెట్ల మీద ద్రాక్ష తీగలు పెంచుతున్నారు. 1756లోనే పోంబాల్ అనే మంత్రి ఈ లోయకు హద్దులు గీయించి, పోర్ట్ వైన్‌కు కావలసిన ద్రాక్ష ఆ హద్దుల లోపలే పండాలని కట్టడి చేశాడని మా గైడ్ చెప్పారు. రసం పులుస్తూ, అందులో ఇంకా తీపి మిగిలి ఉండగానే ద్రాక్ష నుంచి తీసిన ఘాటు సారాయిని కలిపి పులియడాన్ని ఆపేస్తారని, పోర్ట్ అంత తియ్యగానూ అంత ఘాటుగానూ ఉండటానికి కారణం అదేనని కూడా వివరించారు. ఆ పూట నేను తాగింది నాలుగు గుక్కలే. అయితే ఒక కొండ, ఒక చట్టం, ఒక రసాయన చర్య కలిసి ఆ గుక్కల రుచిని ఎలా నిర్ణయించాయో విన్నాక, మిగతా దేశాల వైన్ల గురించి కూడా ఇలాగే తెలుసుకోవాలన్న కోరిక గట్టిగా పట్టుకుంది.

తిరిగి వచ్చాక ఇక్కడే నగరంలో ఒక సంస్థ నిర్వహించిన ఒక పూట రుచి తరగతికి డబ్బు కట్టి వెళ్లాను. నేర్పే ఆయన ఒక్కో గ్లాసు పోసి, బ్లాక్‌కరెంట్ వాసన, సెడార్ చెక్క వాసన, గూస్‌బెర్రీ వాసన వస్తున్నాయి కదా అని అడుగుతుంటే చుట్టూ ఉన్నవారంతా తల ఊపారు. నేను ఆ పండ్లను ఎన్నడూ చూడలేదు, తినలేదు. నా వంతు వచ్చినప్పుడు, పుల్లగా ఉందని, నోరు పట్టేసినట్టు ఉందని చెప్పాను. అలవాటైతే ముక్కు అదే తెరుచుకుంటుందని చెప్పి ఆయన తరువాతి సీసాకు వెళ్లిపోయారు. నోరు ఎందుకు పట్టేస్తుందో మాత్రం చెప్పలేదు. ఆ సాయంత్రం చాలా నిరుత్సాహంగా ఇంటికి వచ్చాను.

నా సందేహాలు ఇవి. ఆ పండ్ల వాసనలు తెలియనివారు ఈ విద్య నేర్చుకోగలరా? దేశాల వారీగా చదవాలా, ద్రాక్ష రకాల వారీగానా? పరీక్షలు, సర్టిఫికెట్లు ఉన్న కోర్సుల్లో చేరడం అవసరమా? నేను ఎక్కువ తాగే మనిషిని కాను, తాగాలన్న ఉద్దేశం కూడా లేదు. తెలుసుకోవాలన్నదే నా కోరిక. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: హోటల్ ఉద్యోగి

జయనగర వాసి గారికి నమస్కారం. మాది నెల్లూరు. పద్దెనిమిదేళ్లుగా హోటళ్లలో, రెస్టారెంట్లలో వైన్ వడ్డించే పనిలో ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లలకు నేర్పేది కూడా నేనే. ఆ రోజు మీరు చెప్పిన జవాబు సరైన జవాబు. ‘పుల్లగా ఉంది, నోరు పట్టేసింది’ అన్న ఆ రెండు మాటల్లోనే ఎర్ర వైన్ స్వభావం సగం వచ్చేసింది. మొదటిది ఆమ్లం, రెండోది టానిన్. ద్రాక్ష తొక్కలోను, గింజలోను, కాడలోను ఉండే ఈ టానిన్లు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. లాలాజలం జారుడుతనం పోతుంది కాబట్టి నాలుక చిగుళ్లకు గరుకుగా రాసుకుంటుంది. దీనికి మనకు ‘వగరు’ అనే సొంత మాట ఉంది. ఉగాది పచ్చడిలోని మామిడి పిందె, నేరేడు పండు, పోకచెక్క, పచ్చి అరటికాయ, కరక్కాయ, అన్నీ మన నాలుకకు చిన్నప్పటి నుంచీ వగరు నేర్పినవే. ఇంగ్లీషులో నేర్చుకునేవారికి ఇంటిల్లిపాదీ వాడుకునే ఇటువంటి మాట లేదు. చేదుకూ దీనికీ తేడా చెప్పడానికే వారి గురువులు కష్టపడతారు. ఆరు రుచులను విడివిడిగా పేరు పెట్టి పిలిచే భాష మనది కాబట్టి, మీరు మొదలుపెట్టవలసింది మీ నాలుక దగ్గర. పండ్ల బుట్ట తరువాత సంగతి.

సీసా తెరవకముందే ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. మూడు గ్లాసుల్లో ఒకే కొలత టీపొడి వేసి, ఒకే కొలత వేడినీళ్లు పోసి, ఒకదాన్ని రెండు నిమిషాలకు, రెండోదాన్ని ఐదు నిమిషాలకు, మూడోదాన్ని పావుగంటకు వడగట్టండి. పాలు, పంచదార వేయకండి. గోరువెచ్చగా అయ్యాక ఒక గుక్క నోట్లో తిప్పి మింగి, నాలుకను పై చిగురు మీద ఒకసారి నడిపించి చూడండి. మూడో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి నాలుక జారడం మానేసి అంటుకుంటుంది. మొదటి గ్లాసు పినో న్వార్ అనే ద్రాక్షతో చేసే తేలిక ఎర్ర వైన్ అనుకుంటే, మూడోది ఇటలీలోని బరోలో ప్రాంతపు నెబ్బియోలో ద్రాక్ష వైన్, లేదా లేత వయసులో ఉన్న కాబెర్నే సొవిన్యోన్ అనుకోవచ్చు. తరువాత ఆ మూడో గ్లాసులో రెండు చెంచాల పాలు కలిపి మళ్లీ చూడండి. టానిన్లు ఈసారి పాలలోని ప్రొటీన్‌ను పట్టుకుంటాయి కాబట్టి మీ నోటిని చాలావరకు వదిలేస్తాయి. వగరు ఎక్కువున్న ఎర్ర వైన్‌కు చీజ్, మాంసం తోడు పెట్టడంలోని కిటుకు ఇదే.

పులుపుకు మరో ప్రయోగం ఉంది. రెండు గ్లాసుల నీళ్లలో సమానంగా నిమ్మరసం పిండి, ఒకదానిలో మాత్రమే పంచదార కలపండి. పంచదార కలిపిన నీళ్లు తక్కువ పుల్లగా అనిపిస్తాయి. పులుపు తగ్గిందేమీ లేదు, తీపి దాన్ని కప్పింది. ఆ రెండో గ్లాసు తాగాక కూడా దవడల పక్క నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. జర్మనీలోని మోజెల్ నది ఒడ్డున పండే రీజ్లింగ్ వైన్లలో తీపి ఉండి కూడా అవి వెగటు పుట్టించకపోవడానికి ఈ దాగిన పులుపే కారణం. నోటిలో నీరు ఊరితే పులుపు, నోరు ఎండితే వగరు, గొంతు దిగువన వెచ్చబడితే ఆల్కహాల్. మా పిల్లలకు మొదటి నెల అంతా నేను ఇంతకుమించి చెప్పను.

ఈ మూడూ గుర్తుపట్టగలిగితే భూగోళం తనంతట తాను అర్థమవుతుంది. చల్లని చోట ద్రాక్ష నెమ్మదిగా పండుతుంది కాబట్టి పులుపు నిలుస్తుంది, చక్కెర తక్కువగా చేరుతుంది. వేడి చోట పులుపు తొందరగా కరిగిపోతుంది, చక్కెర పెరుగుతుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిసితే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. అందువల్ల సీసా మీద 11 శాతం అని ఉందా, 15 శాతం అని ఉందా అన్నది చూసినంత మాత్రానే అక్కడి ఎండ ఎటువంటిదో కొంత ఊహించవచ్చు. ద్రాక్ష రకాల వారీగా చదవాలా, దేశాల వారీగానా అన్న మీ ప్రశ్నకు నా సమాధానం: ముందు ఆరు రకాలు పట్టుకోండి. తెల్లవాటిలో సొవిన్యోన్ బ్లాంక్, షార్డొనే, రీజ్లింగ్. ఎర్రవాటిలో పినో న్వార్, కాబెర్నే సొవిన్యోన్, సిరా. సిరానే ఆస్ట్రేలియాలోను, మన దేశంలోను షిరాజ్ అంటారు. ఒకే రకాన్ని రెండు దేశాల నుంచి తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూడండి. నాసిక్ షిరాజ్, ఆస్ట్రేలియా బరోసా లోయ షిరాజ్ ఒకే రోజు రుచి చూసినప్పుడు తెలిసేది, పది దేశాల వైన్లను పది వేరువేరు రోజుల్లో తాగినా తెలియదు.

వాసనల విషయంలో మీకు జరిగినది చాలామందికి జరిగేదే. గూస్‌బెర్రీ అంటే మన ఉసిరికాయ అనుకుని, ఆ వాసన కోసం వెతికి వెతికి అలసిపోయిన పిల్లలను చూశాను. వారు చెప్పే పండు యూరప్‌లో పండే వేరే కాయ. పోలిక ఏదైనా, దాని వెనుక ఉన్న పదార్థం మాత్రం నిజం. సొవిన్యోన్ బ్లాంక్‌లో పచ్చి క్యాప్సికం కోసినప్పటి వాసన వస్తుంది. ఆ రెండింటిలోనూ ఉన్నది పైరజీన్ల జాతి పదార్థమే. న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరో వైన్లలో దానితోపాటు జామపండు వాసన కూడా తెలుస్తుంది. సిరాలో మిరియాల వాసన వస్తే అది భ్రమ కాదు, మిరియాలలో ఉన్న రోటండోన్ అనే పదార్థమే ఆ ద్రాక్ష తొక్కలోనూ ఉంది. గెవుర్జ్‌ట్రామినర్ అనే ద్రాక్షతో చేసిన తెల్ల వైన్‌లో లిచీ, గులాబీ పరిమళాలు వస్తాయి. అమెరికా ఓక్ పీపాల్లో ఉంచిన వైన్‌లో ఎండు కొబ్బరి చాయ ఉంటుంది. తెల్ల వైన్‌లో వెన్న వాసన తగిలితే, అందులోని మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మార్చిందని అర్థం. మన పెరుగులోని పులుపు కూడా లాక్టిక్ ఆమ్లమే. మీ నోట్సులో క్యాప్సికం, జామ, మిరియం, నేరేడు, ఎండు కొబ్బరి అని తెలుగులోనే రాసుకోండి. పరీక్షకు వెళ్లాలనుకున్న రోజున వాటికి ఇంగ్లీషు పేర్లు నేర్చుకోవడానికి ఒక వారం చాలు.

మరో ముఖ్యమైన మాట. ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలని ఎక్కడ చదివినా, అది యూరప్‌లోని చల్లటి రాతి ఇళ్ల గురించి రాసిన మాటగా తీసుకోండి. ఎర్రవాటికి 15 నుంచి 18 డిగ్రీలు, తెల్లవాటికి 8 నుంచి 12 డిగ్రీలు బాగుంటాయి. బెంగళూరు వేసవిలో మన వంటగది 28 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడిలో ఎంత మంచి ఎర్ర వైన్ అయినా ఆల్కహాల్ ఘాటు తప్ప మరేమీ చెప్పదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.

జవాబు: చిక్కబళ్లాపుర రైతుబిడ్డ

అక్కా, హోటల్ ఉద్యోగి గారు నాలుక వైపు నుంచి చెప్పారు. నేను తోట వైపు నుంచి కొంచెం చెబుతాను. మాది చిక్కబళ్లాపుర దగ్గర పల్లె. తాతల కాలం నుంచీ మా ఇంట్లో తెలుగే, పొలంలో ద్రాక్షే. మేము పండించేది బెంగళూరు బ్లూ. 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చిన రకం ఇది. అమెరికా జాతి రక్తం ఉన్న ద్రాక్ష కాబట్టి దీనికి ఒక ప్రత్యేకమైన ఘాటు పరిమళం ఉంటుంది. రసానికి, జామ్‌కు, తియ్యటి వైన్‌కు పోతుంది.

‘బోర్డో’ అన్న మాట నాకు పదేళ్ల వయసు నుంచీ తెలుసు, కానీ అది వైన్‌కు పేరుమోసిన ఊరని తెలియదు. బూజు తెగులుకు కొట్టే మందు పేరుగానే తెలుసు. వాన పడిన మరునాడు తెల్లవారకముందే నాన్న లేపేవారు. ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో యాభై లీటర్ల నీళ్లలో కిలో మైలుతుత్తం కరిగించేవారు. ఇంకో డ్రమ్ములో యాభై లీటర్ల నీళ్లలో కిలో సున్నం కలిపేవారు. రెండింటినీ ఒకేసారి మూడో డ్రమ్ములోకి వంచుతుంటే నేను కట్టెతో తిప్పాలి. లేత నీలం రంగు చిక్కటి నీళ్లు తయారయ్యాక, నా చేతికి ఒక ఇనుప చాకు ఇచ్చేవారు. దాన్ని కాసేపు ముంచి పైకి తీస్తే, అలుగు మీద ఎర్రటి రాగి పూత కనిపించకూడదు. కనిపిస్తే ఆకు మాడిపోతుంది. ఇంకొంచెం సున్నం కలిపి మళ్లీ ముంచాలి. పూత పట్టకుండా చాకు శుభ్రంగా వచ్చిందాకా పిచికారీ మొదలయ్యేది కాదు.

ఈ మందు కథ పెద్దయ్యాక చదివాను. 1860ల నుంచి, అమెరికా నుంచి వచ్చిన మొక్కలతోపాటు ఫిలోక్సెరా అనే వేరు పేను ఫ్రాన్స్‌లోకి ప్రవేశించి తోటలకు తోటలనే చంపేసింది. అమెరికా ద్రాక్ష వేరు ఆ పేనును తట్టుకుంటుంది కాబట్టి, ఆ వేరు మీద యూరప్ తీగను అంటుకట్టి తోటలను మళ్లీ నిలబెట్టారు. అయితే అదే దారిలో అమెరికా బూజు తెగులు కూడా వచ్చిపడింది. బోర్డో దగ్గర మెడాక్ ప్రాంతపు రైతులు, దారినపోయేవారు కాయలు కోసుకుపోకుండా, రోడ్డు పక్క వరుసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారట. ఆ వరుసలకు మాత్రమే తెగులు రాలేదని మిలార్దే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు గమనించి, పరిశోధించి, 1885లో ప్రకటించాడు. మా నాన్న డ్రమ్ములో కలిపిన మందు అదే. వేరు పేను దాదాపుగా చేరని దేశం చిలీ. ఒకవైపు ఆండీస్ కొండలు, ఇంకోవైపు సముద్రం, ఉత్తరాన ఎడారి దాన్ని కాపాడాయి. మా చుట్టుపక్కల వైన్ ద్రాక్ష వేసిన తోటల్లోనూ డాగ్‌రిడ్జ్ అనే అమెరికా వేరు మీదే అంటు కడతారు. ఇక్కడ దాని అవసరం ఉప్పు నేలకు, నీటి ఎద్దడికి.

మీరు పుస్తకంతోపాటు ఒకసారి నంది కొండల కింది తోటలు చూసిరండి. ప్రపంచంలో వైన్ ద్రాక్ష పండే నేలలు ఎక్కువగా 30 నుంచి 50 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉంటాయి. నంది కొండలు 13 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఫ్రాన్స్‌లో తీగ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. మా దగ్గర తీగకు నిద్ర లేదు, కాబట్టి కత్తెరతోనే దానికి ఋతువులు చూపించాలి. ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి కొమ్మల కోసం కత్తిరిస్తాం; వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండోసారి కాయల కోసం కత్తిరిస్తాం. వైన్ ద్రాక్షకు ఆ రెండో కత్తిరింపు మీద వచ్చిన ఒక్క పంటనే ఉంచుకుని, వేసవి ముదిరేలోపు కోసేస్తారు. వాళ్లు ఎండ కోసం ఎదురుచూసి శరదృతువులో కోస్తారు, మేము ఎండకు ముందే కోస్తాం. సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తు, చల్లటి రాత్రులు ఉండబట్టే ఇక్కడ కాయలో పులుపు నిలుస్తోంది. 1988లో కన్వల్ గ్రోవర్ ఇక్కడ తోట పెట్టడానికి ఈ వాతావరణమే కారణం. మన తెలుగువారు, హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి దంపతులు, హంపి కొండల దగ్గర కృష్మా పేరుతో తోట పెంచి వైన్ చేస్తున్నారు. అది కూడా మీ జాబితాలో ఉంచుకోండి.

ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరుపడ్డ బుర్గుండి ప్రాంతం గురించి చదివేటప్పుడు మన పొలాల పంపకాలను గుర్తు చేసుకోండి. అక్కడ క్లో ద వూజో అనే తోట సుమారు 50 హెక్టార్లు, అంటే మన లెక్కలో 125 ఎకరాలు. మధ్యయుగంలో సిస్టర్సియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు చుట్టూ ప్రహరీ కట్టి ఒకే తోటగా సాగు చేశారు. ఫ్రెంచి విప్లవంలో మఠం ఆస్తులను స్వాధీనం చేసుకున్నారు, తరువాత అమ్మకాలు జరిగాయి, బిడ్డలందరికీ సమాన వాటా అన్న నెపోలియన్ చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ ప్రహరీ లోపల సుమారు 80 మంది యజమానులు ఉన్నారు. కొండ పై భాగాన నీరు నిలవదు, రోడ్డు పక్క పల్లంలో తేమ ఎక్కువ. ఒకే పేరుతో వచ్చిన రెండు సీసాల రుచి అంత వేరుగా ఉండటానికి కారణం, ఎవరి వాటా ఎక్కడ పడిందన్నదే. ‘పై మడి మాది, కింది మడి చిన్నాయనది’ అన్న మాట మా ఇంట్లో రోజూ వినేవాణ్ని కాబట్టి, బుర్గుండి నాకు మొదటి చదువులోనే అర్థమైంది.

జవాబు: బాణసవాడి చదువరి

కోర్సుల గురించి అడిగారు. నేను లండన్‌లోని వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ వారి మూడో స్థాయి దాకా చదివాను. 1969లో మొదలైన సంస్థ ఇది. వారి పరీక్షలను మన దేశంలోనూ అనుమతి పొందిన శిక్షకులు నిర్వహిస్తారు. రెండో స్థాయి పరీక్ష గంటలో 50 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 55 శాతం వస్తే ఉత్తీర్ణత. రుచి చూసే పరీక్ష ఉండదు. మూడో స్థాయిలో వివరంగా రాయాలి, పేరు చెప్పకుండా ఇచ్చిన రెండు వైన్లను వర్ణించాలి. ఆ పైన ఎంత ఎత్తు ఉందో చెప్పడానికి ఒక ఉదాహరణ: మాస్టర్ ఆఫ్ వైన్ పరీక్షలో పన్నెండు చొప్పున మూడు విడతల్లో 36 వైన్లను పేరు తెలియకుండా గుర్తించాలి. 2016లో సోనాల్ హాలండ్ మన దేశం నుంచి తొలిసారి ఆ పట్టం సాధించారు. వృత్తి కోసం కాకపోతే మీకు రెండో స్థాయి ధారాళంగా సరిపోతుంది. అది కూడా ఆరు నెలలు సొంతంగా రుచి చూశాక చేరితే, పాఠం వినగానే నాలుకకు గుర్తొస్తుంది.

ఖర్చు విషయంలో ఒంటరిగా నేర్చుకోవడం కష్టం. దిగుమతి వైన్ మీద కేంద్రం ఏళ్ల తరబడి 150 శాతం సుంకం వేసింది; ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరులో అమలుకు వచ్చిన ఒప్పందం వల్ల అక్కడి వైన్లకు కొంత ఊరట దొరికింది. అందుకని మేము పదిమందిమి కలిసి నెలకు ఒక శనివారం కూర్చుంటాం. 750 మిల్లీలీటర్ల సీసాలో 50 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే పదిహేను మందికి వస్తుంది, రుచి చూడటానికి ఆ కొలత చాలు. నాలుగు సీసాలకు వార్తాపత్రిక చుట్టి, అంకెలు వేసి, ఎవరికీ పేరు తెలియకుండా పోస్తాం. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి ఏర్పాటు చేసిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు చూడకుండా రుచి చూసి, తెల్లవాటిలోను ఎర్రవాటిలోను కాలిఫోర్నియా వైన్లకే మొదటి స్థానం ఇచ్చారు. పేరు కనబడితే వారి తీర్పు అదే అయ్యేదని నేను నమ్మను. అందుకే మా ఇంట్లోనూ కాగితం చుట్టనిదే సీసా బల్ల మీదికి రాదు. ఎక్కువ తాగకూడదన్న మీ నియమానికి ఒక మార్గం: ప్రతి ఒక్కరి పక్కన ఒక స్టీలు చెంబు పెట్టుకుని, నోట్లో తిప్పాక అందులో ఉమ్మేస్తాం. వృత్తిలో ఉన్నవారంతా చేసేది ఇదే. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు.

ప్రశ్నించినవారి స్పందన: జయనగర వాసి

మీ అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఆదివారం మధ్యాహ్నం మా అమ్మతో కలిసి టీ ప్రయోగం చేశాను. పావుగంట నానిన గ్లాసు రుచి చూసి అమ్మ, ‘ఇది పచ్చి నేరేడుకాయ కొరికినట్టుందే’ అన్నారు. పాలు కలిపాక ఆ పట్టు విడిపోవడం ఇద్దరికీ స్పష్టంగా తెలిసింది. మరునాడు ఒక కాబెర్నే సీసా తెచ్చి, అరగంట చల్లబరచి తాగి చూశాను. మొదటిసారి నేను ఏం వెతుకుతున్నానో తెలిసి వెతికాను. పులుపు ముందు వచ్చింది, వగరు చివర చిగుళ్ల మీద మిగిలింది, మధ్యలో క్యాప్సికం తొడిమ దగ్గరి వాసన లీలగా తగిలింది.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. దుకాణంలో ఫ్రాన్స్, ఇటలీ సీసాల మీద ద్రాక్ష పేరు చాలావాటికి లేదు. ఊరి పేరు, యజమాని పేరు తప్ప మరేమీ కనిపించలేదు. అది ఏ రకమో తెలుసుకోవడం ఎలా? రెండోది, డౌరో నుంచి తెచ్చుకున్న పదేళ్ల టానీ పోర్ట్ సీసా ఒకటి వంటగది అలమరలో దాచి ఉంచాను. ఎన్నేళ్లు దాస్తే అంత మంచిదని అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు: హోటల్ ఉద్యోగి

మీ అమ్మగారి పోలిక చాలా బాగుంది; అదే మాట మీ నోట్సులో రాసుకోండి. మీకు తగిలిన క్యాప్సికం వాసన కూడా సరైనదే. కాబెర్నే సొవిన్యోన్‌కు తల్లిదండ్రులు కాబెర్నే ఫ్రాంక్, సొవిన్యోన్ బ్లాంక్ అని 1990లలో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో జన్యు పరీక్షతో తేల్చారు. నేను పైన చెప్పిన పైరజీన్లు ఈ కుటుంబమంతటిలోనూ ఉంటాయి.

సీసా మీద ద్రాక్ష పేరు లేకపోవడం గురించి. బందరు లడ్డు అడిగినవారికి దుకాణదారు అది ఏ పిండితో చేశారో చెప్పడు. బందరు అన్న మాటలోనే శెనగపిండి, బెల్లం, దంచే పద్ధతి అన్నీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 1935 నుంచి ఈ సంబంధానికి జాతీయ చట్టం అండ ఉంది. ఫలానా ఊరి పేరు పెట్టాలంటే ఫలానా ద్రాక్షే వాడాలి, ఎకరాకు ఇంతకుమించి పండించకూడదు అని నియమాలు ఉంటాయి. కాబట్టి ఊరి పేరు తెలిస్తే ద్రాక్ష తెలిసినట్టే. షాబ్లీ అంటే షార్డొనే, సాన్సేర్ తెల్లది అంటే సొవిన్యోన్ బ్లాంక్, బుర్గుండి ఎర్రది అంటే చాలావరకు పినో న్వార్, బరోలో అంటే నెబ్బియోలో, స్పెయిన్‌లోని రియోహా ఎర్రది అంటే ప్రధానంగా టెంప్రనీయో. రియోహా సీసా మీద క్రియాన్సా అని ఉంటే రెండేళ్లు, రిసెర్వా అని ఉంటే మూడేళ్లు, గ్రాన్ రిసెర్వా అని ఉంటే ఐదేళ్లు నిల్వ ఉంచి బయటికి వదిలినదని అర్థం. జర్మనీ సీసా మీద ట్రోకెన్ అన్న మాట ఉంటే తీపి లేనిది. అమెరికా, ఆస్ట్రేలియా, చిలీ, మన దేశం మాత్రం సాధారణంగా ద్రాక్ష పేరునే ముద్రిస్తాయి కాబట్టి వాటితో మీకు ఇబ్బంది రాదు.

మీ పోర్ట్ సంగతి. టానీ పోర్ట్ చెక్క పీపాలో గాలి తగులుతూ ఏళ్ల తరబడి ముదిరిన తరువాతే సీసాలోకి వస్తుంది. సీసాలో అది ఇంకా బాగుపడదు. దాచవలసినది వింటేజ్ పోర్ట్; అది పీపాలో సుమారు రెండేళ్లే ఉండి, మిగతా వయసంతా, అంటే కొన్ని దశాబ్దాలు, సీసాలోనే గడుపుతుంది. మీ సీసాను పొయ్యి దగ్గరి అలమర నుంచి ఇవాళే తీసేయండి. వేడి ఏ వైన్‌కూ మంచిది కాదు. ఫ్రిజ్‌లో నిలబెట్టి చల్లబరిచి, చిన్న గ్లాసులో పోసుకుని, వేయించిన జీడిపప్పు, బాదంపప్పు పక్కన పెట్టుకుని తాగి చూడండి. మూత బిగించి ఫ్రిజ్‌లోనే ఉంచితే తెరిచిన తరువాత కూడా కొన్ని వారాలు నిలుస్తుంది కాబట్టి, అమ్మగారికి కూడా కొంచెం కొంచెంగా రుచి చూపించవచ్చు.